పచ్చతేయాకును పౌరుషగ్రంథియు

వికారాబాదు అంగడివీథిలో గాని, తాండూరు రైలుస్టేషను వెలుపల గాని నేడు ఏ కిరాణా దుకాణమునకు పోయినను, చాయపొట్లముల ప్రక్కన ఆకుపచ్చని పెట్టెలు వరుసగా నుండుట మీరు చూచియుందురు. వానిని కొనువారిలో చిన్నవారు ఒళ్ళు తగ్గవలెనని కొందురు. నా యీడువారు కొనుటకు కారణము వేఱు. "సారూ, పచ్చచాయ తాగితె మొగోళ్ళకు వచ్చే ఆ గడ్డరోగం రాదంటరు, నిజమేనా?" అని ఈ మధ్య నన్నడిగినవారు పలువురు. అడుగునప్పుడు గొంతు తగ్గించి అడుగుదురు. రోగము పేరు పలుకుటకైనను వారికి బిడియము. ఆ బిడియమును గూర్చి తుదిని ముచ్చటింతును. ముందు ప్రశ్నను విచారింతము.

శ్రోతలారా, నేను వైద్యుడను గాను. చిరకాలము బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. గురుముఖమున వ్యాకరణమును, కొంత తర్కమును చదివినవాడను. అయినను ఈ విషయమును మాటలాడుటకు సాహసించుటకు ఒక కారణము కలదు. ఫలానా వస్తువు ఫలానా రోగమును ఆపునా, ఆపదా యను ప్రశ్న వైద్యమునకు ఎంత చెందినదో, ప్రమాణవిచారమునకును అంత చెందినదే. ఒక మాటను ఏ సాక్ష్యముమీద నమ్మవలెను, ఎంతవఱకు నమ్మవలెను అనునదే తర్కశాస్త్రమంతయు. ఆ త్రోవనే నడచి, వైద్యపరిశోధకులు ఇంతవఱకు కనుగొన్నదానిని మీకు వివరింప యత్నింతును.

మొదట గ్రంథి సంగతి. పురుషుల దేహమున మూత్రాశయమునకు క్రిందుగా, మూత్రనాళమును చుట్టుకొని, అక్రోటుకాయంత గ్రంథి యొకటి కలదు. ప్రాస్టేటు అని డాక్టర్లు పిలుచునది ఇదియే. తెలుగు పాఠ్యగ్రంథములలో దీని పేరు పౌరుషగ్రంథి. శుక్రమునకు చేరవలసిన ద్రవములో కొంత భాగమును సిద్ధపఱచుట దీని పని. సుశ్రుతుడు మూత్రాఘాతములు పండ్రెండని చెప్పుచు, వానిలో వాతాష్ఠీల యను దానిని పేర్కొనెను. అష్ఠీల యనగా గుండ్రని రాయి. రాయివలె గట్టిపడిన యెత్తు మూత్రమార్గమున కడ్డము వచ్చునని ఆయన వర్ణన. అది ఈ గ్రంథి పెరుగుదలయే యని నేటి పండితులు పలువురు తలంచుచున్నారు.

ఈ గ్రంథికి వార్ధక్యమున రెండు విధములైన చిక్కులు కలుగును. వీనిని ఒకటిగా భావించుటవలననే మనవారిలో సగము భ్రమలు పుట్టినవి. మొదటిది సాధారణమైన పెరుగుదల. ఇది మూత్రనాళమును ఆనుకొని లోపలిభాగమున కలుగును. కావున మూత్రము ఆగి ఆగి వచ్చుట, రాత్రి మాటిమాటికి లేవవలసి వచ్చుట మొదలగునవి త్వరగా కనబడును. ఇది రాచపుండు కాదు. రెండవది రాచపుండు, అనగా క్యాన్సరు. ఇది చాలమందికి గ్రంథియొక్క వెలుపలి భాగమున పుట్టును. మూత్రనాళమునకు దూరముగా నుండుటచే చాలకాలము ఏ బాధయు తెలియనీయదు. తెలియునప్పటికి వెన్నెముకకును, కటిభాగపు టెముకలకును ప్రాకియుండవచ్చును. కావున మూత్రము సాఫీగా వచ్చుచున్నది గనుక రోగము లేదనుకొనుటయు తప్పు. మూత్రము అడ్డుపడినంతనే రాచపుండే యని బెదరిపోవుటయు తప్పు. 2022వ సంవత్సరమున ప్రపంచమంతట ఈ రాచపుండు క్రొత్తగా బయటపడినవారు 14 లక్షల 60 వేలకు పైబడియుండిరనియు, దానిచే మరణించినవారు 4 లక్షలకు కొంచెము తక్కువయనియు అంతర్జాతీయ గణన. ఇంతటి రోగమునకు ఇంటిలో కాచుకొను కషాయముతో నివారణ దొరకునన్నచో, ఎవరికి ఆశ పుట్టదు?

ఇక తేయాకు. పచ్చ చాయకును, మనము పాలు పంచదార పోసి కాచుకొను ఎఱ్ఱ చాయకును చెట్లు వేఱని కొందరి యూహ. అది నిజము కాదు. రెండును ఒకే మొక్క ఆకులు. భేదము ఆకును సిద్ధపఱచు విధానమునందే యున్నది. వంకాయను కోసి గాలికి వదలినచో ముక్క నల్లబడును గదా. అందుకే మన ఆడవారు ముక్కలను నీళ్ళలో వేయుదురు. కాయలో నుండు ఒక పదార్థము గాలితో కలసి చేయు పని యది. తేయాకును నలిపినప్పుడును ఇట్టిదే జరుగును. ఆకులోని వగరు ద్రవ్యములు మారి, థియాఫ్లావిన్లు, థియారూబిజిన్లు అను ఎఱ్ఱని ద్రవ్యములు పుట్టును. అదియే మన ఎఱ్ఱ చాయ. కోసిన వెంటనే ఆకును జపానువారు ఆవిరిపట్టియు, చీనావారు వేడి మూకుడున వేపియు ఆ మార్పును ఆపివేయుదురు. అప్పుడు ఆకు పచ్చగానే నిలుచును. వగరు ద్రవ్యములును చెడక నిలుచును. అదియే పచ్చతేయాకు.

ఆ వగరు ద్రవ్యములకు కాటెచిన్లని పేరు. వానిలో ముఖ్యమైనవి నాలుగు: ఎపికాటెచిన్, ఎపిగాలోకాటెచిన్, ఎపికాటెచిన్ గాలేట్, ఎపిగాలోకాటెచిన్ గాలేట్. ఈ నాలుగవది పచ్చతేయాకున అన్నిటికంటె హెచ్చుగా నుండును. పేరు పొడవు గనుక పరిశోధకులు దానిని ఇ.జి.సి.జి. అని పిలుతురు. ఈ జాతి వగరు మనకు క్రొత్తది గాదు. గాలేట్ అను మాటకు మూలమైన గాలికామ్లము కరక్కాయలోను, ఉసిరికాయలోను గూడ కలదు.

ఈ ఇ.జి.సి.జి. రాచపుండు నేమి చేయును? గాజుపాత్రలలో పెంచిన రాచపుండు కణములపై దీనిని చల్లగా, ఆ కణముల విభజన మందగించినది. కొన్ని కణములు తమంత తామే చచ్చినవి. పిమ్మట ఎలుకలయందు చూచిరి. పౌరుషగ్రంథి రాచపుండు తప్పక పుట్టునట్లు సిద్ధపఱచిన ఎలుకలకు త్రాగునీటిలో తేయాకు ద్రవ్యములను కలిపి యిచ్చిరి. అమెరికాలోని క్లీవ్లాండు నగరమున హసన్ ముఖ్తార్ మొదలగువారు 2001వ సంవత్సరమున ఆ ఫలితములను ప్రకటించిరి. తేయాకునీరు త్రాగిన ఎలుకలలో రోగము స్పష్టముగా తగ్గినది. పత్రికలలో "పచ్చచాయ రాచపుండును ఆపును" అని వచ్చిన వ్రాతలకు పునాది ఇట్టి ప్రయోగములే.

అయితే గాజుపాత్ర మనుష్యుడు కాదు. మనము త్రాగిన కాటెచిన్లలో కొంచెము భాగమే ప్రేగులనుండి రక్తమున చేరును. చేరినదానిని గూడ కాలేయము త్వరగా మార్చివేయును. ఒకటి రెండు కప్పులు త్రాగినవాని రక్తమున కనబడు పాలు, గాజుపాత్రల ప్రయోగములలో చాలవాటియందు వాడినదానిలో పదవవంతు కంటెను తక్కువ. ఎలుక మనకంటె కొంత దగ్గఱి దృష్టాంతమే గాని, ఎలుకకు మేలైనదెల్ల మనుష్యునికి మేలగునను నియమము లేదు. దృష్టాంత మున్నంతమాత్రమున సిద్ధాంతము కాజాలదు.

అప్పుడు మనుష్యులను చూడవలెను. ఇచ్చట వినవచ్చు వాదమిది: జపానువారు పచ్చతేనీరు విరివిగా త్రాగుదురు, జపానులో ఈ రాచపుండు అమెరికాలోకంటె చాల తక్కువ, కావున పచ్చతేనీరే కారణము. వినుటకు బాగుగనే యున్నది. తర్కసంగ్రహము చదివిన పిల్లవాడు మాత్రము వెంటనే తల యెత్తును. ఎచ్చట పొగ యుండునో అచ్చట నిప్పుండుననుట నిజము. ఎచ్చట నిప్పుండునో అచ్చట పొగ యుండుననుట నిజము గాదు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు నిప్పు మాత్రమే చాలదు. పచ్చికట్టె కూడ కావలెను. ఆ పచ్చికట్టెనే మన శాస్త్రకారులు ఉపాధి యనిరి. రెండు వస్తువులు కలసి కనబడినప్పుడు, వానివెనుక దాగియున్న మూడవది యేదో వెదకక, ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. వైద్యపరిశోధకులు నేడు ఎన్నో లెక్కలు వేసి తొలగింప జూచు చిక్కు సరిగా ఇదియే.

జపానువాని జీవితమున పచ్చతేనీరు మాత్రమే యున్నదా? చేపలున్నవి, సోయాచిక్కుడున్నది, మితాహార మున్నది. ఇన్నిటిలో ఏది పచ్చికట్టె? దీనికి చరిత్రయే యొక సాక్ష్య మిచ్చినది. జపాను విడిచి హవాయికిని, అమెరికాకును వలసపోయిన కుటుంబములలో ఈ రాచపుండు స్వదేశమున నున్నవారికంటె హెచ్చినది. అమెరికాలో స్థిరపడిన భారతీయులకును ఇదే వర్తించును. ఆహారము మారినది, బరువు పెరిగినది. అంతకుమించి అచ్చట రక్తపరీక్షలు విరివిగా చేయుదురు గనుక రోగము బయటపడుటయు హెచ్చినది. పరీక్ష లేనిచోట రోగము లేనట్లే కనబడును. ఇన్ని ఉపాధు లున్నచోట ఒక్క తేనీటిని పట్టుకొని ఇదియే కారణమనుట సాహసము.

జపానులోనే ఒక పెద్ద విచారణ జరిగినది. 40 ఏండ్లు మొదలు 69 ఏండ్ల వఱకు గల 49,920 మంది పురుషులను అనేక సంవత్సరములు కనిపెట్టి చూచి, 2008లో ఫలితములను వెల్లడించిరి. వారిలో 404 మందికి ఈ రాచపుండు కలిగినది. గ్రంథిలోపలనే నిలిచియున్న రోగమునకును, పచ్చతేనీటికిని సంబంధము కనబడలేదు. గ్రంథిని దాటి ముదిరిన రోగము మాత్రము, దినమునకు కప్పుకంటె తక్కువ త్రాగినవారితో పోల్చగా, ఐదు కప్పులును అంతకు మించియు త్రాగినవారిలో సుమారు సగమే యున్నది. ఇది ఆశ కలిగించు మాటయే. కాని ఇదియు చూచి చెప్పిన మాటయే గాని, చేసి చూచిన మాట కాదు.

చేసి చూచుట యనగా నేమి? దీనికి మన వికారాబాదు ప్రక్కనే యొక జ్ఞాపక మున్నది. అనంతగిరి కొండలమీద నిజాము పాలనాకాలమున వెలసిన క్షయరోగుల చికిత్సాలయమును మీరెఱుగుదురు. ఆ రోజులలో క్షయకు మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవియే ప్రధానచికిత్స. కొండమీద కొందరు కోలుకొనెడివారు, కొందరు పోయెడివారు. గాలివలన కోలుకొనిరో, స్వభావముచేతనే కోలుకొనిరో చెప్పుట యెట్లు? స్ట్రెప్టోమైసిన్ అను మందు వచ్చినప్పుడు ఇంగ్లాండులోని వైద్యపరిశోధన మండలివారు ఒక నిశ్చితమైన మార్గము త్రొక్కిరి. 107 మంది రోగులను తీసికొని, ఎవరికి మందు, ఎవరికి కేవలవిశ్రాంతి యను నిర్ణయమును వైద్యుని యిష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. ఆరు నెలలకు మందు పుచ్చుకొన్న 55 మందిలో నలుగురు, విశ్రాంతి మాత్రము గొన్న 52 మందిలో 14 మంది మరణించిరి. 1948లో ఈ ఫలితములు ప్రకటితమైనవి. చీట్లు వేయుటవలన లాభ మేమనగా, ధనికులు, బీదలు, బలవంతులు, బలహీనులు రెండు పక్షములలోను సమముగా కలిసిపోవుదురు. అనగా ఉపాధులన్నియు ఇరుప్రక్కల సరితూగును. అప్పుడు మిగిలిన భేదము మందుదే.

పచ్చతేయాకు విషయమునను ఇట్లే చేసి చూచిరి. ఇటలీ దేశమున బెట్టూజీ మొదలగు పరిశోధకులు, పౌరుషగ్రంథిలో ఇంకను రాచపుండు కాకున్నను దానికి దారితీయగల మార్పులు కనబడిన 60 మందిని తీసికొనిరి. 30 మందికి దినమునకు 600 మిల్లిగ్రాముల కాటెచిన్లను గుళికలుగా నిచ్చిరి. తక్కిన 30 మందికి అదే రూపముగల ఉత్తగుళికల నిచ్చిరి. ఒక సంవత్సరము గడచిన తరువాత చూడగా, ఉత్తగుళికలవారిలో తొమ్మిదిమందికిని, కాటెచిన్లవారిలో ఒక్కనికిని రాచపుండు కనబడినది. 2006లో ఈ వార్త వెలువడగానే ప్రపంచ మంతయు సంతోషించినది. నేడు పెట్టెలమీదను, ప్రకటనలయందును వినబడు ప్రశంసకు పెద్ద ఆధార మిదియే.

ఒక్క పరీక్షతో తృప్తిపడుట శాస్త్రమర్యాద కాదు. అమెరికాలోని టాంపా నగరపు మోఫిట్ రాచపుండు కేంద్రమున నాగి కుమార్ మొదలగువారు, అట్టి మార్పులే కనబడిన 97 మందిపై మరల పరీక్ష చేసి 2015లో ప్రకటించిరి. 49 మందికి దినమునకు 400 మిల్లిగ్రాముల ఇ.జి.సి.జి. గల ద్రవ్యమును, 48 మందికి ఉత్తగుళికలను సంవత్సరకాల మిచ్చిరి. మొదటివారిలో ఐదుగురికి, రెండవవారిలో తొమ్మండుగురికి రాచపుండు కలిగినది. ఐదుకును తొమ్మిదికిని భేదము లేదా యని మీ రడుగవచ్చును. పైసాను పదిమార్లు ఎగురవేసినచో సరిగా ఐదు బొమ్మలు, ఐదు బొరుసులు పడునా? ఆరును నాలుగును పడవచ్చును. ఏడును మూడును పడవచ్చును. కొద్దిమందిని చూచినప్పుడు ఇట్టి యెగుడుదిగుడులు తప్పవు. ఐదు, తొమ్మిది యను భేదము ఆ యెగుడుదిగుడులలో ఇమిడిపోవునంత చిన్నది. కావున మేలు స్థాపింపబడలేదని వారు తేల్చిరి. ప్రపంచమునందలి 142 విచారణలను, పదునొకండు లక్షలకు పైబడిన మనుష్యుల వృత్తాంతములను కూర్చి చూచిన కోక్రేన్ సమీక్షకులు 2020లో చెప్పినదియు ఇట్టిదే: పచ్చతేనీరు రాచపుండ్ల నాపునను మాటకు సాక్ష్యములు ఒకదానితో నొకటి పొసగుటలేదు.

"మేలు తేలకపోయిన నేమి, కీడు లేదు గదా! గుళికలు మ్రింగిన తప్పేమి?" అని కొందరందురు. ఈ వాదమునకు ఈ గ్రంథి చరిత్రలోనే కఠినమైన సమాధాన మున్నది. ఫిన్లాండులో పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షలో, విటమిన్ ఇ పుచ్చుకొన్నవారికి ఈ రాచపుండు సుమారు మూడవవంతు తగ్గినట్లు 1998లో తెలిసినది. అప్పుడు అమెరికా, కెనడా దేశములలో 35,533 మందిపై మహాపరీక్ష నొకదానిని 2001లో ప్రారంభించిరి. మేలు కానరాక 2008లో గుళికల నాపివేసిరి. 2011లో లెక్క చూడగా, విటమిన్ ఇ మాత్రమే పుచ్చుకొన్నవారిలో రాచపుండు తగ్గకపోగా, నూటికి పదునేడు పాళ్ళు హెచ్చినది. లక్షలమంది ఇండ్లలో నిరపాయమని మ్రింగిన గుళిక యది! తినెడి ఆహారమున సహజముగా నున్న వస్తువు, విడదీసి గుళికగా చేసినప్పుడు అదే గుణము కలిగియుండునని నమ్మరాదు.

పచ్చతేయాకునకును ఈ మాట వర్తించును. కప్పులో త్రాగు తేనీరు వేఱు. దాని సారమును తీసి గట్టిపఱచిన గుళిక వేఱు. ఐరోపా ఆహారభద్రతా సంస్థవారు 2018లో విచారించి, గుళికల రూపమున దినమునకు 800 మిల్లిగ్రాములును అంతకు మించియు ఇ.జి.సి.జి. పుచ్చుకొన్నచో కాలేయమునకు దెబ్బతగులు సూచనలు రక్తమున కనబడుచున్నవని హెచ్చరించిరి. మామూలుగా కాచి త్రాగు తేనీటివలన అట్టి భయము సాధారణముగా లేదనియు చెప్పిరి. కొన్ని మందులతో గూడ పచ్చతేయాకునకు పొత్తు కుదరదు. రక్తపుపోటుకు వాడు నాడొలాల్ అను మందు దీనివలన దేహమున సరిగా చేరదు. రక్తపు రాచపుండునకు వాడు బోర్టెజోమిబ్ అను మందును ఇ.జి.సి.జి. నిర్వీర్యము చేయగలదని ప్రయోగములు చూపినవి. కావున చికిత్సలో నున్నవారు వైద్యునికి చెప్పక గుళికలు మ్రింగరాదు.

మఱి కప్పు మాటేమి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను మీరెఱుగుదురు. అది 1918లో నీలగిరులమీది కూనూరున చిన్న విచారణశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చినది. తేయాకుతోటల నడుమ పుట్టిన ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములలో, భోజనమునకు ముందొక గంటయు, పిమ్మట నొక గంటయు టీ కాఫీలు త్రాగవలదని చెప్పినది. తేయాకు వగరు అన్నములోని యినుమును పట్టుకొని రక్తమున చేరనీయదు. మన తాండూరు కందిపప్పు 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు పొందినదని గర్వించుచున్నాము. ఆ పప్పు తిని లేచి వెంటనే తేనీరు త్రాగినచో అందలి యినుములో కొంత వ్యర్థమగును. పచ్చచాయలోను కెఫీన్ కలదు. రాత్రి మాటిమాటికి మూత్రమునకు లేచువారు ప్రొద్దుక్రుంకిన పిదప దానిని మానుట మంచిది. ఈ నియమములతో దినమునకు రెండు మూడు కప్పులు, పంచదార లేక, రుచికొఱకు త్రాగువారిని నేను వలదనను. పాలు పంచదార దట్టించిన నాలుగు చాయలకు బదులు అది త్రాగిన, పంచదార తగ్గుటయే యొక లాభము.

నా భయము తేనీటిని గూర్చి కాదు. తేనీటిని నమ్మి మానుకొను పనిని గూర్చి. తాండూరున నాపరాళ్ళ వ్యాపారమున చిరకాలము లెక్కలు వ్రాసిన మిత్రుడొకడు నాకు కలడు. రాత్రి నాలుగైదుమార్లు లేవవలసి వచ్చుచుండెను. తండ్రి సోదరుడు ఈ రోగముతోనే పోయినట్లును ఆయన ఎఱుగును. అయినను ఎవ్వరికిని చెప్పక, ఎవరో చెప్పిరని పచ్చతేయాకు గుళికలు కొని సంవత్సరమునకు పైగా మ్రింగెను. మ్రింగుచున్నాను గదా యను ధైర్యముచే ఆసుపత్రి గడప త్రొక్కలేదు. తుదకు నడుమునొప్పి వచ్చి లేవలేకపోయినప్పుడు పరీక్షించిరి. రోగము అప్పటికే వెన్నెముకను చేరియున్నది. నేను చూడబోయినప్పుడు ఆయన నాతో నన్నమాట ఇది: "కొడుక్కు చెప్పనీకె సిగ్గాయె పంతులూ, డబ్బ కొననీకె సిగ్గు కాలే." గుళికలు ఆయనకు రోగము తెచ్చినవని నేననను. అవి ఆయనకు ఒక సంవత్సరకాలమును పోగొట్టినవి.

ఆ సంవత్సరమున కెంత వెల! గ్రంథిలోపలనే యున్న రోగమును శస్త్రచికిత్సచేతనో, కిరణచికిత్సచేతనో పూర్తిగా తొలగింపగల అవకాశము హెచ్చు. కొందరి రోగము మిక్కిలి మందగతిది గనుక, వైద్యులు ఏ చికిత్సయు చేయక కనిపెట్టి చూచుటయు కలదు. ఎముకలకు ప్రాకిన తరువాత రోగమును అణచియుంచ వచ్చునే గాని, నిర్మూలించుట దాదాపు అసాధ్యము. ఆ అణచుట గూడ, పురుషహార్మోనును తగ్గించినచో ఈ రాచపుండు వెనుదీయునని 1941లో చార్లెస్ హగ్గిన్స్ కనుగొన్నందున లభించిన వరము. దానికే ఆయన 1966లో నోబెల్ బహుమానము నందెను. నా మిత్రుడు నేడు ఆ మార్గపు చికిత్సతోనే నడచుచున్నాడు.

కావున ఏబదియేండ్లు దాటిన సోదరులారా, చేయవలసినది చెప్పుదును. మూత్రము ఆరంభించుటకు కష్టపడుట, ధార సన్నబడుట, రాత్రి మాటిమాటికి లేచుట, మూత్రమున గాని శుక్రమున గాని రక్తము కనబడుట, కారణము తెలియని నడుమునొప్పి విడువకుండుట, వీనిలో ఏది యున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపుడు. చాలమందికి అది సాధారణపు పెరుగుదలయే యని తేలును. దానికి మంచి మందులున్నవి. ఏ బాధయు లేనివారు పి.ఎస్.ఏ. యను రక్తపరీక్షను గూర్చి వైద్యుని అడుగవచ్చును. ఆ పరీక్షయు దోషరహితము కాదు. సాధారణపు పెరుగుదలయందును, మూత్రమార్గపు చీడయందును గూడ అది హెచ్చును. హెచ్చినంతమాత్రమున రాచపుండని అర్థము కాదు. అందుచేతనే 55 మొదలు 69 ఏండ్ల వఱకు గలవారు లాభనష్టములు వైద్యునితో ఆలోచించి నిర్ణయించుకొనవలెనని అమెరికా నిపుణసంఘమువారు 2018లో సలహా యిచ్చిరి. తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని ఈ రోగము వచ్చినవారు మాత్రము అంతకుముందే ఈ ఆలోచన చేయవలెను.

దూరాభారమను సాకు గూడ నేడు లేదు. తాండూరున జిల్లా ఆసుపత్రి యున్నది. వికారాబాదున 2023 నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడచుచున్నది. పెద్ద చికిత్స కావలసినచో, 1955 నుండి బీదసాదల కాశ్రయమైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి హైదరాబాదున నాంపల్లి స్టేషనుకు చేరువనే యున్నది. మన రెండూళ్ళనుండియు రైలు పోవుచునే యున్నది.

పచ్చతేయాకునందు పరిశోధింపదగిన గుణము కలదు. అది పౌరుషగ్రంథి రాచపుండును ఆపునని ఇంతవఱకు రుజువు కాలేదు. రుజువైననాడు వైద్యులే మనకు చెప్పుదురు. అంతవఱకు దానిని దాహమునకు త్రాగుడు, ధైర్యమునకు త్రాగకుడు. రాత్రి నిద్రచెడి లేచుచున్న పెద్దవారు ఈ ప్రసంగము వినుచున్నచో, ఇంటిలోనివారిని పిలిచి, "రేపు నాతో ఆసుపత్రికి రావలెను" అని ఈ పూటనే చెప్పుడు. ఇందు సిగ్గుపడవలసినది ఏమియు లేదు.